పొడుం డబ్బా రేకు

తాడిపత్రిలో మా ఇంటెనక రేకుల షెడ్డు.
నేలంతా నల్లబండ,
పాలిష్ ఫ్యాక్టరీ వాళ్ళు పగిలిందని పారేసిన ముక్కలే.
దానిమీద చమురు పడితే
బండ తాగదు, చూపిస్తుంది.

ఏడు నెలలుగా అక్కడ ఒక జీపు ఇంజను
బోర్లా పడుకొని ఉంది.
నాకంటే ఆరేండ్లు చిన్నది.
యాడికి దగ్గర ఒక కళ్ళంలో
బానెట్టు కింద గుడ్లు పెట్టుకుంటున్న కోడిని అదిలించి
పదకొండు వేలకు తెచ్చినా.
"ఇనుము ధరకు ఎక్కువే" అనింది నాగరత్న.
ఆమె లెక్క ఎప్పుడూ తప్పదు.

పిస్టన్లు నాలుగూ పట్టేసినాయి.
కిరసనాయిలు పోసి పన్నెండు రోజులు
వాటి అలక తీరేదాకా కూర్చున్నా.
వేపమొద్దు అడ్డం పెట్టి సుత్తితో
తట్టడమే, కొట్టడం కాదు.
పదమూడో నాడు మూడోది కదిలింది,
నిద్దరలో పిల్లోడు పక్కకు జరిగినంత.

ముప్పై నాలుగేండ్లు డిపోలో
బస్సుల కింద పండుకొని పనిచేసిన ఒళ్ళు.
ఇప్పుడు మోకాళ్ళు వంగవు.
అందుకే సాయంత్రాలు మద్దిలేటి వస్తాడు,
పాలిటెక్నిక్ పుస్తకంలో బొమ్మ చూసిన ధైర్యంతో.
సెల్లు వెలుగు పట్టుకుంటాడు.
అర అంగుళం స్పానరు అడిగితే
పదమూడో నంబరు ఇస్తాడు.
పడుతుంది గానీ, నట్టు మూలలు ఏడుస్తాయి.

బేరింగు మూత విప్పిన రోజు నోరు జారినా.
చిప్ప వెనక రేకుముక్క!
పొడుం డబ్బాది. మీద ఇంకా
సగం నెమలి, 'మే' అనే అక్షరం.
అరిగిన బేరింగు కింద ఇది దూర్చి
ఫో అన్నాడు ఎవడో,
దొంగ సాక్షికి దుడ్లిచ్చి పంపినట్టు.
మూడు రోజులు తిట్టినా వాణ్ణి.
అన్నం తింటా తిట్టినా.
సంగటి ముద్ద చల్లారిపోయింది.

నాలుగో నాడు పెట్రోలులో కడుగుతా ఉంటే
రాడ్డు మూత పక్కన, మసి కింద నుంచి
మూడు చుక్కలు తేలినాయి.
పంచితో కొట్టినవి. మూడోది కొంచెం వంకర.

గుత్తి రోడ్డులో దస్తగిరి మేస్త్రీ షెడ్డు.
మేస్త్రీది ఒక చుక్క.
హుసేనుది రెండు.
ఓబులేసుది మూడు.
ఓబులేసు అంటే నేను.

పందొమ్మిదేండ్లు.
మేస్త్రీ ఉరుసుకు కడపకు పోయినాడు.
చిప్పలు బళ్ళారి నుంచి రావాల.
జీపు ఆ రాత్రికే కావాలన్నారు,
ఎవరికో కాన్పు కష్టమైందని గుర్తు.
కాదేమో. రెండో ఆట సినిమాకేమో.
ఇన్నేండ్లకు మనసు
మంచి కారణాన్నే అట్టిపెట్టుకుంటుంది.
డబ్బా మాత్రం మా అవ్వది.
పొడుమంతా కాగితంలోకి వంచేసి ఎత్తుకొచ్చినా.
తుమ్ముకూ తుమ్ముకూ మధ్యన
ఆమె తిట్టిన తిట్లు మాత్రం బాగా గుర్తున్నాయి.

"ఎవరై ఉంటారు తాతా?" అన్నాడు మద్దిలేటి.
"ఎవడో పిల్లోడులే. ఓనామాలు రానోడు."

వాడు పోయినాక మైక్రోమీటరు తీసినా.
ఈ కొసకు ఎంతో ఆ కొసకు అంతే.
వెంట్రుకవాసి తేడా లేదు.
అప్పుడు నా దగ్గర గేజీ కూడా లేదు,
లాంతరు, ఒక గరుకు బండ, బొటనవేలు.
మళ్ళీ ఒక్కసారి కొలిచినా.
ఎవరన్నా చూస్తున్నారేమోనని వాకిలి వైపు చూసినా.

కొత్త చిప్పలు వేసి బిగించినా.
చేత్తో తిప్పితే క్రాంకు
రాగులు పోసిన తిరగలి మాదిరి నిండుగా తిరిగింది.
కార్బురేటరు ఇంకా బెంగుళూరులోనే ఉంది.
పలుకుతుందో లేదో చెప్పలేను.

రేకు చొక్కా జేబులో మరిచిపోయినా.
ఉతుకుడు బండమీద టింగుమనింది.
"ఇదేంది? కోసుకుంటాది, పారేస్తా" అనింది నాగరత్న.
"అంచులు రుద్దినాన్లే, కోసుకోదు, ఇట్లియ్యి."
తడి చేతిలో సగం నెమలి పట్టుకొని
ఆమె నన్ను చూసింది.
"ఎప్పుడు రుద్దినావు?"